తొండి అంటే ఏంటో పిల్లలకి ముందే తెలుసు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది కావలి. పాపకి ఆరేళ్ళు, ఒకటో తరగతి చదువుతోంది. అమెరికాలో ఉండే మా చెల్లెలు మొన్న వస్తూ వస్తూ నాలుగు బొమ్మల పుస్తకాలు తెచ్చింది. అందులో ఒకటి రోసా పార్క్స్ మీద. రాత్రి పడుకునేటప్పుడు తెలుగులో చెప్తూ నేనే చదివాను. నల్లవాళ్ళని బస్సులో సీట్లోంచి లేవమనేవాళ్ళు, ఈమె లేవను అంది అని చెప్పాను. మర్నాడు పొద్దున పాప వంటింట్లోకి వచ్చి, "పనికొచ్చే అవ్వకి గ్లాసు ఎందుకు వేరే? ఆమె కింద కూర్చుని ఎందుకు తాగుతుంది?" అని అందరి ముందూ అడిగేసింది. మా అత్తగారు (ఆవిడ పుట్టింటి వాళ్ళది వింజమూరు పక్క పల్లె) రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా ఆయన "ఇప్పట్నించే ధర్నాలు నేర్పుతున్నావా" అన్నారు, నవ్వుతూనే అన్నారు గానీ ఆ నవ్వు నాకు నచ్చలేదు. నాకేమో ఇలాంటివి ఇంకా చదివించాలనే ఉంది. ఆరేళ్ళ పిల్లకి ఇవన్నీ చెప్పొచ్చా? భయపడుతుందా? మొండిగా తయారవుతుందా? తెలుగులో దొరుకుతాయా? అంతా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ గ్లాసు సంగతి తేల్చుకుందాం, పుస్తకాల సంగతి తర్వాత. పాప అడిగింది మీ వంటింటి గురించి. దానికి జవాబు చెప్పకుండా ఇంకో పది పుస్తకాలు కొనిచ్చారనుకోండి, ఇవన్నీ పుస్తకాల్లో చదువుకునే మాటలు, ఇంట్లో అడిగితే పెద్దవాళ్ళకి కోపం వస్తుంది అన్న సంగతి మాత్రం పిల్ల చక్కగా నేర్చుకుంటుంది.

గ్లాసు మార్చేయండి. హడావుడి ఏం వద్దు. మీరందరూ తాగే గ్లాసుల్లోంచి ఒకటి తీసి టీ పోసి ఇవ్వండి, ఆ వేరే గ్లాసుని పాత సామాన్లలో వేసేయండి, అంతే. పాపని పిలిచి "చూశావా, అవ్వకి మన గ్లాసులోనే ఇస్తున్నాం" అని చూపించొద్దు. ఆవిడ పొద్దున్నే మీ ఇంటికి వచ్చేది పని చేసుకోడానికి, మీ పాపకి పాఠం కావడానికి కాదు. మొదటి రోజు ఆవిడే వద్దులేమ్మా అనొచ్చు కూడా. కుర్చీ ఒకటి అక్కడ పెట్టి ఊరుకోండి, కూర్చోవడం కూర్చోకపోవడం ఆవిడిష్టం. పాప మళ్ళీ అడిగితే, "అది తప్పే. మాకు చిన్నప్పట్నించీ అలవాటైపోయి గమనించలేదు, నువ్వడిగాక మార్చాం" అని చెప్పండి. అంటుండగా మీ మొహం ఎర్రబడినా పర్లేదు. ఇంకో మాట, మీరు అడగకపోయినా చెప్తున్నాను, గ్లాసుతో పని అయిపోదు. ఆవిడకి నెలకి ఎన్ని సెలవులు ఇస్తున్నారు, జ్వరమొచ్చి రాకపోతే జీతం కోస్తున్నారా? పాపకి ఇవాళ గ్లాసు కనపడింది, ఇంకో రెండేళ్ళకి కూడికలూ తీసివేతలూ బాగా వస్తాయి, అప్పుడు ఈ లెక్క కూడా అడుగుతుంది.

ఆరేళ్ళకి ఇవన్నీ అర్థమవుతాయా అన్నారు. సాయంత్రం మీ వీధిలో పిల్లలు ఆడుకునేటప్పుడు ఓ పావుగంట అరుగు మీద కూర్చుని వినండి. "తొండి! తొండి!" అని ఎన్నిసార్లు వినపడుతుందో. సామాజిక న్యాయం అనే మాట వాళ్ళకి తెలీదు, ఆ మాట వాడే మనలో ఎంతమందికి సరిగ్గా తెలుసో అది వేరే సంగతి, కానీ తొండి అంటే మూడేళ్ళ పిల్లకి కూడా తెలుసు. అన్నకి పెద్ద ముక్కా నాకు చిన్న ముక్కా పెడితే తొండి. అంతకంటే గొప్పది ఆటలో అరటిపండు. బుడ్డోడు పరిగెత్తలేడు, అయినా నేనూ ఆడతానని ఏడుస్తాడు, పెద్దపిల్లలు "సరే నువ్వు అరటిపండు" అని కలుపుకుంటారు, వాణ్ణి ముట్టుకున్నా వాడు అవుట్ కాడు. అందరికీ ఒకే రూలు పెడితే ఒక్కోసారి అదే తొండి అవుతుందని ఏ మాస్టారూ చెప్పకుండానే వాళ్ళకి తోచింది చూడండి. (అరటిపండుగా ఉండటం ఆ బుడ్డోడికి ఎలా ఉంటుందో కూడా ఓసారి మీ పాపని అడగండి. ఆటలో ఉంటాడు గానీ లెక్కలో ఉండడు కదా. పిల్లలు ఈ ప్రశ్న మీద గంటసేపు కొట్టుకుంటారు, నేను చూశాను.) నాకు జరిగితే తొండి అని పిల్లకి ఎలాగూ తెలుసు. అవ్వకి జరిగినా తొండే, అమెరికాలో మాంట్‌గోమరీ అనే ఊళ్ళో ఎవరో తెలియని ఆవిడకి జరిగినా తొండే అనే దాకా ఆ మాటని జరపడానికి బొమ్మల పుస్తకం పనికొస్తుంది. మీ పాప ఆ పని ఒక్క రాత్రిలో చేసుకుంది. మీరు గర్వపడాల్సింది పోయి టెన్షన్ పడుతున్నారు.

అయితే అన్ని పుస్తకాలూ ఒకటి కాదు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, కనిగిరి వైపు ఒక ఊళ్ళో, రెండో తరగతికి ఓ బొమ్మల కథ చదివాను. చిరిగిన చొక్కా వేసుకున్న ఒక పిల్లాడు, డబ్బున్న ఒక మంచి అమ్మాయి, ఆ అమ్మాయి తన పాత పుస్తకాలు వాడికిస్తే వాడు దణ్ణం పెడతాడు. అందరికీ దయ నేర్పుతున్నాననుకుని గొంతు మార్చి మార్చి చదువుతున్నా. మధ్యలో తలెత్తి చూస్తే క్లాసంతా వెనక్కి తిరిగి ఉంది. చివరి వరసలో ఒక యానాదుల పిల్లాడు కూర్చునేవాడు, అందరూ వాణ్ణే చూస్తున్నారు. ఒకడు లేచి "టీచర్, వీడే" అన్నాడు కూడా. వాడు తల వంచుకుని పలక మీద వేలితో గీతలు గీసుకుంటున్నాడు. మర్నాడు బడికి రాలేదు. ఆ వారమంతా రాలేదు, నేనే వాళ్ళ గుడిసె దగ్గరికి పోయి తీసుకురావాల్సి వచ్చింది. అప్పట్నించి ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు ఒకటే చూస్తాను: ఇందులో కష్టం ఎవరిదో వాళ్ళు ఏమైనా చేస్తున్నారా, లేక ఎవరో వచ్చి చేసిపెడితే దణ్ణం పెడుతున్నారా? రెండో రకం అయితే పక్కన పెట్టేస్తాను, బొమ్మలు ఎంత ముద్దొచ్చినా సరే. ఆ తర్వాత బొమ్మల్లో మనుషుల్ని చూస్తాను. తెల్లగా ఉన్నవాళ్ళే మంచివాళ్ళా, చీపురు ఎప్పుడూ అమ్మ చేతిలోనేనా, బుర్ఖా వేసుకున్నావిడ ఒక్క పండగ పేజీలోనే కనపడుతోందా, చక్రాల కుర్చీలో ఉన్న పిల్లాడు ఎప్పుడన్నా అల్లరి చేస్తాడా లేక మొత్తం కథంతా మంచిపిల్లాడుగానే ఉంటాడా. ఇవి చూడటానికి ఐదు నిమిషాలు చాలు, షాపులో నిలబడే చూసుకోవచ్చు.

అదే బడిలో కొన్నాళ్ళకి ఇంకోటి జరిగింది. గోడకి తగిలించిన చార్టు మీద 'మంచి పిల్లలు రోజూ పళ్ళు తోముకుంటారు' అని రాసి, కింద తళతళలాడే పళ్ళతో ఒక పాప బొమ్మ ఉండేది. మా క్లాసులో పిల్లలు నవ్వినప్పుడు చేయి అడ్డం పెట్టుకునేవాళ్ళు, ఎందుకంటే పళ్ళ మీద పసుప్పచ్చా గోధుమరంగూ గారలు. తోముకోరని ఒకళ్ళనొకళ్ళు ఎక్కిరించుకునేవాళ్ళు కూడా. కనిగిరి ప్రాంతం నీళ్ళ సంగతి మీరు వినే ఉంటారు, బోరు నీళ్ళలో ఫ్లోరైడు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావంటారు. చిగుళ్ళ లోపల పళ్ళు తయారయ్యే వయసులో ఆ నీళ్ళు తాగితే గారలు పడతాయి, ఎంత తోమినా పోవు. నేను నాలుగు డ్రాయింగ్ షీట్ల మీద నాకొచ్చినట్టు బొమ్మలేసి (నా బొమ్మలో మేక కుక్కలా ఉంటుంది) ఒక కథ చేశాను: బోరు, బిందె, చెంబు, పిల్ల నోరు. మధ్యలో ఆపి, "గారలున్నవాళ్ళు చేతులెత్తండి" అన్నాను. సగానికి పైగా లేచాయి. "ఇంతమందీ పళ్ళు తోముకోనివాళ్ళేనా?" అంతే, ఇంకేం చెప్పలేదు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ఒక పిల్ల, "అయితే తొండి నీళ్ళది టీచర్" అంది. తప్పు నాది అని దాచుకున్నది మా అందరిదీ ఒకటే కష్టం అని తెలిశాక పిల్లల మొహాలు ఎలా మారతాయో నేను ఆరోజు చూశాను. అందరూ కలిసి పై అధికారులకి ఒక కార్డు ముక్క రాశారు, జవాబు రాలేదు. కానీ నవ్వేటప్పుడు చేయి అడ్డం పెట్టుకోవడం మాత్రం చాలామంది మానేశారు.

సరే, మీ రోసా పార్క్స్ దగ్గరికొద్దాం. మంచి కథే. ఒక చిన్న జాగ్రత్త. ఆవిడ కథని చాలాచోట్ల, పాపం ఒక కుట్టుపని చేసుకునే ఆవిడ, ఆరోజు బాగా అలిసిపోయింది, అందుకని లేవలేదు అని చెప్తారు. అది సగం కథ. 1955 డిసెంబర్ 1 నాటికి ఆవిడకి 42 ఏళ్ళు, అప్పటికే ఎన్నో ఏళ్ళుగా హక్కుల సంఘంలో పనిచేస్తోంది. ఆవిడ లేవనన్న తర్వాత మాంట్‌గోమరీలో నల్లవాళ్ళు 381 రోజులు బస్సెక్కలేదు. వంటపనికి పోయేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు మైళ్ళకి మైళ్ళు నడిచారు, కార్లున్నవాళ్ళు లేనివాళ్ళని ఎక్కించుకున్నారు. ఈసారి ఆ పుస్తకం తీసినప్పుడు పాపని "మిగతావాళ్ళు ఏం చేశారంటావ్?" అని అడగండి. ఒక్క మహానుభావురాలు వచ్చి అంతా మార్చేసింది అని చెప్తే పిల్ల మెచ్చుకుని నిద్రపోతుంది. వానలో నడిచినవాళ్ళ గురించి చెప్తే, ఆ గుంపులో తనకీ ఒక చోటుందని తోస్తుంది.

ఇంకోటి అడుగుతాను, ఏమనుకోవద్దు. మీ పాపకి రోసా తెలిసింది, సారా మీద ఉద్యమం నడిపిన మన దూబగుంట రోశమ్మ తెలుసా?

కలిగిరి మండలం దూబగుంట మీకెంత దూరం, కావలిలో బస్సెక్కితే పూట కూడా పట్టదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రిబడులు నడిచాయి, పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు రాత్రి లాంతరు దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దేవాళ్ళు. వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం. తాగుడుతో నాశనమైన సంసారం, ఊరి ఆడవాళ్ళంతా ఒక్కటవడం. పాఠం చదివినవాళ్ళు పుస్తకం మూసి ఇళ్ళకి పోలేదు, ఇది మన ఇంటి కథే కదా అని మాట్లాడుకున్నారు, సారా కొట్టు మీదికి పోయారు. తర్వాత దూబగుంట వాళ్ళు చేసిందే 'ఆడవాళ్ళు ఏకమైతే' అని ఇంకో పాఠమైంది, దాన్ని చదివి పక్క ఊళ్ళ వాళ్ళు లేచారు. 1992లో చీపుర్లూ కారప్పొడీ పట్టుకుని నెల్లూరులో సారా వేలంపాటలే జరగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం. పుస్తకం చదివిస్తే ఏమవుతుంది అని మీ ఆయన ఈసారి నవ్వితే, మన జిల్లాలో ఏమయిందో చెప్పండి. నాకు అంతకంటే మంచి ఉదాహరణ ప్రపంచంలో ఎక్కడా దొరకలేదు, నిజంగా చెప్తున్నా.

ఆ పాఠం పనిచేసింది ఎందుకంటే చదివినవాళ్ళకి అందులో తమ ఇల్లు కనపడింది, పాఠం అయ్యాక మాట్లాడుకోడానికి టైము దొరికింది. మీరూ అంతే చెయ్యండి. పుస్తకం గబగబా చివరిదాకా చదివి "అందుకే మనం అందరినీ సమానంగా చూడాలి, సరేనా" అనొద్దు. ఆ మాట వినగానే పిల్లల చెవులు మూసుకుంటాయి, మా చెవులూ మూసుకునేవి. మధ్యలో ఒక బొమ్మ దగ్గర ఆగండి. "ఇక్కడ ఎవరు సంతోషంగా లేరు?" "నువ్వు ఈ బస్సులో ఉంటే ఏ సీట్లో కూర్చునుంటావ్?" జవాబు రాకపోతే వదిలేయండి, మూడు రోజుల తర్వాత స్నానం చేయిస్తుంటే వస్తుంది.

కులం సంగతి చెప్పాలా వద్దా అని మీరు రాయలేదు గానీ ఆ గ్లాసు వెనక ఉన్నది అదే కదా. చెప్పండి. ఎలాగూ బడిలో వింటుంది, వంకరగా వినేకంటే మీ నోట వినడం మేలు. అంబేడ్కర్ చిన్నప్పటి ప్రయాణం ఒకటుంది, ఆయనే రాసుకున్నారు, ఆరేళ్ళ పిల్లలకి అది బాగా అందుతుంది. 1901లో పిల్లలు నలుగురూ కొత్తబట్టలు వేసుకుని నాన్న దగ్గరికి రైల్లో బయల్దేరారు. ఉత్తరం అందక నాన్న స్టేషన్‌కి రాలేదు. కులం తెలిశాక ఏ బండివాడూ ఎక్కించుకోనన్నాడు, రెట్టింపు కిరాయి ఇస్తామంటే ఒకడు ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలుకోవాలి, వాడు పక్కన నడుస్తాడు. రాత్రి అన్నం మూట ఉంది, తాగడానికి నీళ్ళు ఇచ్చేవాళ్ళు లేరు. దాహం అంటే ఏంటో పిల్లలకి తెలుసు, వేరే వివరణ అక్కర్లేదు. ఇక కారంచేడు లాంటివి, 1985లో తాగునీటి చెరువు దగ్గర మొదలైన గొడవ హత్యల దాకా పోయిన కథ, ఇప్పుడు వద్దు. పన్నెండు పదమూడేళ్ళు వచ్చాక దాచొద్దు కూడా.

నెల్లూరు పోయినప్పుడు పొట్టి శ్రీరాములు గారి విగ్రహం చూపిస్తారు కదా, 58 రోజుల నిరాహారదీక్షతో పాటు ఇంకోటి చెప్పండి. ఆయన దళితుల కోసం రాసిన అట్టలు మెళ్ళో వేసుకుని, చెప్పుల్లేకుండా గొడుగు లేకుండా మన నెల్లూరు ఎండలో తిరిగేవారు. 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్ళోకి దళితుల్ని రానివ్వమని దీక్ష చేశారు. ఎండాకాలం మధ్యాహ్నం ఉత్తకాళ్ళతో వాకిట్లోకి ఒక అడుగేస్తే చాలు, పాప ఆయన్ని ఇక మర్చిపోదు.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయంటే: హైదరాబాద్‌లో 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళు పిల్లలకి చవకగా చక్కటి తెలుగు పుస్తకాలు వేస్తారు, తెప్పించుకోవచ్చు. చెన్నై తూలికా వాళ్ళవి తెలుగూ ఇంగ్లీషూ పక్కపక్కనే ఉండేవి ఉంటాయి, మీ పాపకి రెండూ వస్తాయి. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళవి ఉన్నాయి. డబ్బు పెట్టకుండా కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైటు తెరవండి, తెలుగు కథలు బొమ్మలతో సహా ఉచితం, ప్రింటు తీసుకోవచ్చు. అన్నీ బాగుంటాయని కాదు, కొన్ని అనువాదాలు నోరు తిరగవు, మీరే మార్చి చదువుకోండి. జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనకి ఒకసారి తీసుకెళ్ళండి, పిల్లని నేల మీద కూర్చోబెట్టి తనకి నచ్చింది తననే ఏరుకోనివ్వండి. పోరాటాల పుస్తకాలే కొనొద్దు తల్లీ, రోజూ పెడితే ఏదైనా మొహం మొత్తుతుంది. ఏనుగు తుమ్మే కథలు కూడా కావాలి.

మొండితనం సంగతా? కొంచెం వస్తుంది. మా మనవడికి ఇలాంటి కథలే చెప్తుంటే ఒకరోజు ఫ్రిజ్ ముందు చాప వేసుకుని కూర్చుని "ఐస్‌క్రీమ్ ఇచ్చేదాకా లేవను, ఇది నా ఉద్యమం" అన్నాడు. వాళ్ళమ్మ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. నేనూ వాడి పక్కన చాప మీద కూర్చుని, "ఇది నీ ఒక్కడి కోసమా, అందరి కోసమా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి "చెల్లికి కూడా" అన్నాడు. ఆదివారం ఇద్దరికీ అని రాజీ కుదిరింది. ఎందుకు అని అడగడం వేరు, మాట వినకపోవడం వేరు, ఆ తేడా పిల్లలకి మెల్లిగా తెలుస్తుంది, ఎందుకు అన్నప్పుడల్లా మనం నోరు ముయ్యమంటే మాత్రం ఎప్పటికీ తెలీదు. మీ ఆయనకి ధర్నా అంటే భయముంటే ఆ చాప కథ చెప్పండి. అన్నట్టు, పిల్ల చేతికి ప్లకార్డు ఇచ్చి ఫొటో తీసి స్టేటస్ పెట్టే పని మాత్రం చెయ్యొద్దు. అది మన సరదా, వాళ్ళది కాదు.

దూబగుంట మీద బొమ్మల పుస్తకం ఉంటే బాగుండు అనుకుంటున్నారా? మీరే చేసుకోండి. తెల్లకాగితాలు నాలుగు మధ్యకి మడిచి, మడత మీద దారంతో కుట్టండి, 16 పేజీలొస్తాయి. బొమ్మలు పాపే గీస్తుంది. సారా ప్యాకెట్లు, లాంతరు, పలక, చీపురు గీయొచ్చు, కొట్టడాలు తిట్టడాలు గీయక్కర్లేదు, ఖాళీ అన్నం గిన్నె గీస్తే చాలు. చివరి రెండు పేజీలు ఖాళీగా ఉంచండి, ఎందుకంటే 1997లో మద్యనిషేధం సడలించారు, "అయితే వాళ్ళు ఓడిపోయారా?" అని పాప తప్పకుండా అడుగుతుంది. ఆ ప్రశ్నకి మీరు జవాబు చెప్పొద్దు, నేనూ చెప్పను. మీ అత్తగారిది వింజమూరు పక్క పల్లె అని రాశారు కదా, ఆ గొడవలన్నీ ఆ చుట్టుపక్కలే జరిగాయి, ఆవిడ చూసో వినో ఉండాలి. ఏదో ఒక సాయంత్రం ఆవిడ పూలు కట్టుకుంటున్నప్పుడు పాపని పుస్తకం, పెన్సిలు ఇచ్చి ఆవిడ పక్కన కూర్చోబెట్టండి, "నాయనమ్మా, సారా కొట్లు మూయించినప్పుడు నువ్వెక్కడున్నావ్?" అని అడగమనండి. మీరు మాత్రం ఆ చుట్టుపక్కల ఉండొద్దు, వంటింట్లో ఏదో పని చూసుకోండి.